పిన్ను గుచ్చడానికి బెజ్జం లేని ఫోను

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా 'ఫోన్ పాడైంది, ఏం చెయ్యాలి' అన్నవే. తీరా చదివితే చాలా ఫోన్లకి ఏ రోగమూ లేదు. ఆ ఫోన్‌కీ, అందులో వేసిన సిమ్‌కీ జాతకాలు కలవలేదు, అంతే. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో వంద సార్లు అడుగుతాం గానీ 'మా ఇంట్లో ఉన్న సిమ్‌తో ఇది పనిచేస్తుందా' అని కొనేముందు ఒక్కసారి కూడా అడగం. అందుకే ఈసారి కెమెరాల ఉత్తరాలన్నీ పక్కన పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు, నాకోసం ఐఫోన్ 17 తెచ్చాడు. నా సిమ్ వేద్దామంటే పక్కన ట్రేనే లేదు, పిన్ను గుచ్చే బెజ్జం కూడా లేదు. బజార్లో మొబైల్ షాపతను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మన దేశంలో పనికిరాదు, ముప్పై వేలిస్తాను ఇచ్చేయండి అన్నాడు. అబ్బాయి పది రోజుల్లో వెళ్ళిపోతాడు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
ఒక గృహిణి, రాజంపేట

జవాబు: ముందు ఆ ముప్పై వేల మాట మర్చిపోండమ్మా. మీ ఫోన్ డూప్లికేటూ కాదు, పనికిరానిదీ కాదు. దాన్ని చేయడమే అలా చేశారు. 2022లో ఐఫోన్ 14తో అమెరికాలో అమ్మే ఫోన్లకి ట్రే తీసేశారు. 2025లో 17 వచ్చేసరికి కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, ఇంకా కెనడా, జపాన్, మెక్సికో కూడా ఆ వరసలో చేరాయి. మన దగ్గర అమ్మే 17కి మాత్రం ట్రే ఉంది. కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ, నిజామాబాద్ వైపు నుంచీ గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు, కాబట్టి ఈ ప్రశ్న మీ ఒక్కరిది కాదు, ఈ నెలలో నాకే ఇలాంటివి నాలుగొచ్చాయి.

ఇందులో ఇ-సిమ్ వాడాలి. అంటే ప్లాస్టిక్ ముక్క ఉండదు, ఆ పని చేసే చిప్పు ఫోన్ లోపలే అతికించి ఉంటుంది, మీ నంబరు తాలూకు వివరాలని కంపెనీ అందులోకి పంపిస్తుంది. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఇస్తాయి. మీ సిమ్ ఏ కంపెనీదో వాళ్ళ సొంత స్టోర్‌కి ఆధార్ తీసుకుని, ఈ ఫోన్‌తో పాటు పాత ఫోన్ కూడా పట్టుకుని వెళ్ళండి. పాత ఫోన్ ఎందుకంటే, నిజంగా మీరే అడిగారా అని నిర్ధారించుకునే మెసేజ్ దానికే వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఆ నంబరుకి మెసేజ్‌లు రావు, పోవు. మోసగాళ్ళు మన నంబరు కొట్టేసి వెంటనే బ్యాంకు ఓటీపీలు లాగకుండా పెట్టిన నిబంధన అది, మంచిదే. కానీ ఆ ఒక్కరోజు బ్యాంకు ఓటీపీ రాదు, కొత్త ఫోన్‌లో ఫోన్‌పే రిజిస్టర్ చేద్దామంటే అది మెసేజ్ పంపలేక చేతులెత్తేస్తుంది, గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి కోడ్ అడిగితే మీ దగ్గర ఉండదు. చాలామంది ఆ కాసేపట్లోనే కంగారుపడిపోయి ఫోన్ రీసెట్ కొట్టేస్తారు. కొట్టకండి. అలా కొట్టేటప్పుడు ఇ-సిమ్ కూడా తీసెయ్యమంటారా అని అడుగుతుంది, చూడకుండా సరే అన్నారంటే మళ్ళీ స్టోర్‌కి మొదటి నుంచీ తిరగాల్సిందే. మార్చే పనేదో అబ్బాయి ఊళ్ళో ఉండగానే, రేపో ఎల్లుండో కానివ్వండి. అబ్బాయి తన ఇండియా నంబరుని కూడా ఇ-సిమ్ చేయించుకునే ఆలోచనలో ఉంటే అదీ ఇక్కడ ఉండగానే అవ్వాలి. కువైట్ వెళ్ళాక అక్కడి నుంచి చేయించుకోవడం తలనొప్పి.

లాభం లేదా అంటే ఉంది. 17 ప్రో రకాల్లో ట్రే తీసేసిన చోటు బ్యాటరీకి ఇచ్చారు. 17 ప్రోలో ట్రే ఉన్నదానికి 3,988 ఎంఏహెచ్ అయితే ట్రే లేనిదానికి 4,252. నష్టమూ ఉంది, అది నాకు ఎక్కువ అనిపిస్తుంది. రేపు ఫోన్ కిందపడి స్క్రీన్ పోయిందనుకోండి, ఇదివరకైతే సిమ్ పీకి పాత డబ్బా ఫోన్‌లో వేసుకుని పని కానిచ్చేవాళ్ళం, ఇప్పుడలా కుదరదు. నన్నడిగితే బ్యాంకులకి ఇచ్చిన నంబరుని మామూలు సిమ్‌గానే పాత ఫోన్‌లో ఉంచి, కొత్త నంబరొకటి ఇ-సిమ్‌గా తీసుకోవడం మీ వయసువాళ్ళకి సుఖం.

ఒక్కమాట, 'మీ సిమ్‌ని ఇ-సిమ్ చేస్తాం, వచ్చిన కోడ్ చెప్పండి' అంటూ మీకు మీరుగా అడగకుండా ఫోన్ వస్తే వెంటనే పెట్టెయ్యండి. పొరపాటున చెప్పేశారా, ఆ నిమిషమే 1930కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అల్లుడుగారు వాడిన ఐఫోన్ నాకు పంపారు. సిమ్ వేస్తే 'సిమ్ నాట్ సపోర్టెడ్' అంటోంది. అక్కడ వాయిదాల మీద తీసుకున్నారట. జగదీష్ మార్కెట్‌లో ఎవరైనా విప్పుతారా?
విశ్రాంత ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: విప్పరండి. అక్కడ ఎలాంటి స్క్రీనైనా మార్చి ఇస్తారు, ఆ పనితనానికి దణ్ణం పెట్టొచ్చు, కానీ ఇది స్క్రూడ్రైవర్‌తో పోయే తాళం కాదు. మీ ఫోన్ ఐఎమ్ఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) పక్కన 'ఇది ఫలానా కంపెనీ సిమ్‌కే' అని ఆపిల్ దగ్గర రాసుంటుంది. ఆ రాత చెరపగలిగేది ఫోన్ ఇచ్చిన ఆ అమెరికా కంపెనీ ఒక్కటే. సిమ్ కింద పల్చటి చిప్పు పెట్టి నడిపిస్తామనే వాళ్ళుంటారు, అది నాలుగు రోజుల ముచ్చట, తర్వాతి అప్‌డేట్‌తో మళ్ళీ మొదటికి వస్తుంది.

సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌కి వెళ్ళి కిందికి జరిపి చూడండి. 'క్యారియర్ లాక్' అన్నచోట 'నో సిమ్ రెస్ట్రిక్షన్స్' అని ఉంటే తాళం లేనట్టు. వేరే ఏదైనా ఉంటే అల్లుడుగారికి చెప్పండి, వాయిదాలన్నీ కట్టేసి, అన్‌లాక్ కోసం వాళ్ళ కంపెనీకి అర్జీ పెట్టుకోమనండి. బాకీ లేకపోతే మామూలుగా చేసిస్తారు, ఫోన్ ఇక్కడే ఉన్నా ఫర్వాలేదు. వాయిదాలు మిగిలుంటే మాత్రం... ఆ సంగతి మామగారు అడగడం బాగుండదు, అమ్మాయి చేత అడిగించండి.

ఇది విని అమెరికా వాళ్ళెంత అన్యాయం అనుకోకండి. 2003లో మన దగ్గర 501 రూపాయలకి చేతిలో పెట్టిన రిలయన్స్ ఫోన్లు గుర్తున్నాయా? వాటిలో మార్చుకోవడానికి అసలు సిమ్మే ఉండేది కాదు, అది సీడీఎంఏ, నంబరు ఫోన్‌లోనే ఉండేది. ఫోన్ మారాలంటే కంపెనీ దగ్గరికి పరుగెత్తాల్సిందే. 2017లో 1,500 డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ కూడా జియో సిమ్‌తోనే నడిచేది. చవగ్గా వచ్చిన ఫోన్‌కి ఎక్కడో ఒక తాడు కట్టి ఉంటుంది.

ప్రశ్న: మావారిదీ నాదీ ఒకే మోడల్ ఫోన్లు, ఒకే రోజు కొన్నాం. సిమ్‌లే వేర్వేరు కంపెనీలవి. వంటింట్లో ఆయనకి 5జీ వస్తుంది, నాకు 4జీకి పడిపోతుంది. బాల్కనీలోకి వెళ్తే మాత్రం నాదే స్పీడు. నా ఫోన్ పీస్ తేడానా? సర్వీస్ సెంటర్లో చూపిస్తే బాగానే ఉందన్నారు.
ఒక లెక్చరర్, హన్మకొండ

జవాబు: సర్వీస్ సెంటర్ వాళ్ళు నిజమే చెప్పారు. రెండు ఫోన్లని కాసేపు మర్చిపోయి, సిమ్‌లు అటూ ఇటూ మార్చి వేసి చూడండి. వంటింటి జబ్బు ఫోన్‌తో కాకుండా సిమ్‌తో పాటు నడిచి వెళ్తుంది, పందెం.

5జీ అని పైన ఒకే గుర్తు కనిపించినా లోపల అందరిదీ ఒకటి కాదు. 2022 అక్టోబర్ 1న మన దేశంలో 5జీ మొదలైనప్పుడు ఎయిర్‌టెల్ తన 4జీ మీదే ఆనించి 5జీ వేసింది, జియో మొత్తం కొత్తగా విడిగా కట్టింది. అంతకన్నా మీ వంటింటికి సంబంధించిన తేడా ఇంకోటుంది. ఆ ఏడాది వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలు కొన్నది జియో ఒక్కటే. ఇవి పొలం గట్టు మీద నుంచి పెట్టే కేకలాంటివి, దూరం పోతాయి, గోడల్లోంచి దూరతాయి, కానీ ఆ కేకలో ఎక్కువ కబుర్లు చెప్పలేం. రెండు కంపెనీల దగ్గరా ఉన్న 3300 మెగాహెర్ట్జ్ దీనికి పూర్తిగా ఉల్టా. కుప్పలు తెప్పలుగా డేటా మోస్తుంది, రెండు గోడలు అడ్డొస్తే నీరసపడిపోతుంది. మీవారిది 700 మీద నడుస్తూ ఉండుంటుంది, అందుకే వంటింట్లో నిలబడింది. మీది 3300 అయ్యుంటుంది, అందుకే బాల్కనీలో ఎగిరింది.

పైన కనిపించే గీతల్ని నమ్మకండి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఏ ఫోన్ కంపెనీకి ఆ కంపెనీ నిర్ణయించుకుంటుంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అక్కడ సిమ్ స్టేటస్‌లో అసలు అంకె ఉంటుంది, మైనస్ గుర్తుతో. మైనస్ 90 లోపు ఉంటే హాయి, మైనస్ 110 దాటితే కష్టాలు మొదలు. నేను మా ఇంట్లో ఓ ఆదివారం ఫోన్ పట్టుకుని గదిగదికీ తిరిగాను, బాల్కనీ తలుపు దగ్గర మైనస్ 92, ఫ్రిజ్ పక్కన మైనస్ 118. మధ్యలో ఉన్నది పదడుగులూ, ఒక గోడా. మా ఆవిడ ఫోన్ ఎప్పుడు చూసినా వేడిగా ఎందుకుంటుందో, సాయంత్రానికే చార్జింగ్ ఎందుకు అయిపోతుందో అప్పుడు అర్థమైంది, తను దాన్ని పెట్టేది ఆ ఫ్రిజ్ మీదే. టవర్ అందనప్పుడు ఫోన్ ఇంకా గట్టిగా అరుస్తుంది, ఆ అరుపంతా బ్యాటరీ ఖర్చే.

మీరు చేయాల్సింది చిన్నది. ఇంట్లో వైఫై ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చెయ్యండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్ నుంచీ, జియో 2020 జనవరి నుంచీ ఇస్తున్నాయి, విడిగా డబ్బులేం పడవు. వంటింట్లో 5జీ, 4జీ మధ్య ఊగిసలాడుతుంటే నెట్‌వర్క్‌ని 4జీకి కుదించేయండి, రెసిపీ వీడియోకి అది చాలు.

ప్రశ్న: మా తాతయ్య పాత బటన్ల ఫోన్ వాడతారు. చార్జీలు తక్కువని కొత్త సిమ్ తెచ్చి వేస్తే 'నో సర్వీస్' అంటోంది. అదే సిమ్ నా ఫోన్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది.
డిగ్రీ విద్యార్థి, కొత్తగూడెం

జవాబు: మీరు తెచ్చింది జియో సిమ్ అయ్యుంటుంది. 2016 సెప్టెంబర్ 5న వచ్చినప్పుడే అది 4జీతో మొదలైంది, దానికి 2జీ, 3జీ అసలు లేనే లేవు, మాట కూడా 4జీ డేటా మీదే వెళ్తుంది. తాతయ్య ఫోన్‌కి 2జీ తప్ప ఇంకోటి తెలీదు. పాత సిమ్మే వేసేయండి. లేదా వోల్టీ (అంటే 4జీ మీదే మాట్లాడే ఏర్పాటు) అని రాసున్న 4జీ బటన్ ఫోన్ కొనండి, అయితే ఆయనకి అలవాటైన ఆ మీటలూ, ఆ రింగూ, ఆ టార్చి వేరే ఫోన్‌లో దొరుకుతాయా అన్నది మీరూ ఆయనా తేల్చుకోవాలి.

ప్రశ్న: మాస్టారూ, ఇయర్‌ఫోన్ కన్నం తీసేశారు, చార్జర్ ఇవ్వడం మానేశారు, మెమరీ కార్డు చోటు లేదు, బ్యాటరీ ఊడదీయలేం. ధర మాత్రం పెరుగుతోంది. ఇది అభివృద్ధా?
తెలుగు పండితుడు, తెనాలి

జవాబు: పండితులు మీరు నన్ను మాస్టారూ అంటే ఎలాగండీ. మీ కోపం న్యాయమైనదే, వరసగా చూద్దాం. 2015లో శాంసంగ్ ఎస్6తో వెనక మూత బిగించేసింది, అంతకుముందు ఏడాది ఎస్5 దాకా గోరుతో మూత ఊడదీసి బ్యాటరీ మార్చుకునేవాళ్ళం. 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ ఇయర్‌ఫోన్ కన్నం మూసేసింది. 2020లో ఐఫోన్ 12 పెట్టెలోంచి చార్జర్ మాయం. దాన్ని ఎగతాళి చేసిన శాంసంగే 2021 జనవరిలో ఎస్21 నుంచి చార్జరూ, కార్డు చోటూ రెండూ తీసేసింది.

కారణాలు పూర్తిగా అబద్ధం కాదు. మూత బిగిస్తే నీళ్ళు పోవు, ఫోన్ పల్చబడుతుంది, కన్నం పోయిన చోట ఇంకేదో పడుతుంది. కానీ తీసేసిన ప్రతిదానికీ బదులు కొనాల్సింది కూడా వాళ్ళే అమ్ముతారు, వైర్ లేని ఇయర్‌బడ్సూ, విడి చార్జరూ, ఎక్కువ స్టోరేజీ ఉన్న ఖరీదైన మోడలూ. అది చూడకుండా నీళ్ళ గురించి మాత్రమే చెప్పేవాళ్ళని నేను నమ్మను.

బ్యాటరీ విషయంలో గాలి కొంచెం తిరుగుతోంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్ల బ్యాటరీ మామూలు పనిముట్లతో కొన్నవాళ్ళే మార్చుకునేలా ఉండాలని అక్కడ చట్టం చేశారు, కొన్ని మినహాయింపులతో. మా అమ్మ ఫోన్ వెనక మూత ఓరోజు అప్పడంలా పైకి లేచింది, చూసి గట్టిగా నొక్కి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంది పాపం. ఎవరిదైనా అలా ఉబ్బితే నొక్కొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, స్విచాఫ్ చేసి షాపుకి తీసుకెళ్ళండి. లోపల ఉన్నది గాలి కాదు, మంట పట్టే వాయువు.

మీ పాత వైరు ఇయర్‌ఫోన్ వాడాలంటే టైప్-సి అడాప్టర్ కొనండి, కానీ 'డాక్ చిప్పు ఉందా' (ఫోన్ పంపే అంకెల్ని శబ్దంగా మార్చే చిప్పు) అని అడిగి మరీ కొనండి. చిప్పు లేని చవక రకం కొన్ని ఫోన్లలో పలుకుతుంది, కొన్నింట్లో పలకదు.

ప్రశ్న: మా ఊళ్ళో బీఎస్ఎన్ఎల్ 4జీ వచ్చిందంటున్నారు. పోర్ట్ అవుదామనుకుంటున్నాను. నా ఫోన్‌లో పనిచేస్తుందో లేదో ముందే తెలుసుకోవడం ఎలా? మేం తెలంగాణ, నంబరు తీసుకున్నది గుంటూరులో.
ఒక రైతు, మిర్యాలగూడ దగ్గర

జవాబు: చివరి సందేహం ముందు తీర్చేస్తాను. రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కలో రెండూ ఇంకా ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. గుంటూరులో తీసుకున్న నంబరు మిర్యాలగూడలో బయటి నంబరు కాదు.

2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచినప్పుడు మీలాగే చాలామంది అటు నడిచారు. అప్పటికి చాలా చోట్ల 4జీ లేదు. 2025 సెప్టెంబర్ 27న దాదాపు 97,500 టవర్లతో స్వదేశీ 4జీని ఒడిశాలోని ఝార్సుగుడాలో ప్రారంభించారు, కాబట్టి ఇప్పుడు అడగడం తెలివైన పనే. బీఎస్ఎన్ఎల్ 4జీ నడిచేది 700, 2100 మెగాహెర్ట్జ్ మీద. మీ ఫోన్ పెట్టె వెనకో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో 4జీ బ్యాండ్లు అని అంకెల వరస ఉంటుంది, అందులో 28 (అంటే 700), 1 (అంటే 2100) రెండూ ఉన్నాయా చూడండి. 1 దాదాపు అన్నింట్లో ఉంటుంది. పాత చవక ఫోన్లలో 28 ఉండకపోవచ్చు, పల్లెల్లో దూరం నుంచి అందేది ఆ 28తోనే, అది లేకపోతే పక్కింటాయనకి వచ్చే సిగ్నల్ మీకు రాదు, అప్పుడు తిట్లన్నీ టవర్ తింటుంది. ఇంకోటి, సెట్టింగ్స్‌లో వోల్టీ ఆన్ చేసి ఉంచండి.

అన్నిటికన్నా సుళువైన పరీక్ష ఏంటంటే, ఊళ్ళో బీఎస్ఎన్ఎల్ 4జీ సిమ్ ఉన్నవాళ్ళని అడిగి ఒక గంట మీ ఫోన్‌లో వేసుకుని ఇంట్లో, మోటారు షెడ్డు దగ్గర, పొలంలో తిరిగి ఫోన్ చేసి చూడండి. నచ్చితే అప్పుడు పోర్ట్ అని ఇంగ్లీషులో రాసి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు కొట్టి 1900కి పంపండి. వచ్చే కోడ్ నాలుగు రోజులే పనిచేస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో చేరి 90 రోజులు దాటి ఉండాలి, ఈమధ్య వారం లోపల సిమ్ మార్పించి ఉంటే కోడ్ రాదు. పాత సిమ్‌లో సిగ్నల్ పూర్తిగా పోయేదాకా దాన్నే ఫోన్‌లో ఉంచి, పోయాక కొత్తది వెయ్యండి. యూరియా కోసమో, బ్యాంకు పని కోసమో ఓటీపీ అవసరం ఉన్న వారంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.